అజేయంగా ఎనిమిది మ్యాచ్‌లు

నాగులవలస ఇంజనీరింగ్ కాలేజీలో బెవర తవిటినాయుడు ఇరవై రెండేళ్ళుగా ఫిజికల్ డైరెక్టరు. అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాలేజీలో లేరు. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ పీడీ గారే. కుర్రతనంలో యూనివర్సిటీ కబడ్డీ జట్టుకి ఆడి, ఎడమ మోకాలు అక్కడే వదిలేసి వచ్చాడు. ఎదటివాడి చీలమండ ఎప్పుడు పట్టాలి, ఎంతసేపు పట్టాలి అన్నది తప్ప అతనికి వేరే శాస్త్రం రాదు. ఆ శాస్త్రంతోనే కిందటేడు కాలేజీ కబడ్డీ జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. ఫైనల్లో రెండు పాయింట్లతో ఓడిపోయారు. ఓడిపోయి వస్తూ బస్సులో దారి పొడుగునా పాటలు పాడుకున్నారు.

ఆ జులైలో మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. మండలి అంటే ఉన్నత విద్యా ప్రమాణాల పరిశీలక మండలి. ఏ కాలేజీకి ఏ గ్రేడో తేల్చేది అదే. గ్రేడు తగ్గితే సీట్లు నిండవు. సీట్లు నిండకపోతే కాలేజీ పెళ్ళిళ్ళకిచ్చే ఫంక్షన్ హాలు అయిపోతుంది. చుట్టుపక్కల అలా అయినవి అప్పటికే రెండున్నాయి. కనక మండలి సర్క్యులర్ వస్తే నాగులవలసలో నిలబడి చదివేవారు.

ఈసారి కొత్త అంశం ఒకటి చేర్చారు. "అంతర్జాతీయ క్రీడా సంస్కృతి: ఇరవై మార్కులు. దేశీయ క్రీడలు, మరియు దేశమందు విరివిగా ఆడబడుచున్న విదేశీ క్రీడలు ఈ అంశము కింద పరిగణింపబడవు."

అంటే కబడ్డీ, ఖోఖో పోయాయి. క్రికెట్టు, ఫుట్‌బాల్, వాలీబాల్ కూడా పోయాయి. ఎవరైనా ఆడుతున్న ఆట ఏదైనా పోయినట్టే.

ప్రిన్సిపాల్ డాక్టర్ కరణం సర్వోత్తమరావు ఆ మధ్యాహ్నమే మీటింగు పెట్టాడు. ఆయన 'నేను' అనడం మానేసి చాలా ఏళ్ళయింది. తనని 'సంస్థ' అనుకుంటాడు. దాహం వేసినా "సంస్థకి కాసిని మంచినీళ్ళు" అంటాడని అటెండర్లు చెప్పుకుంటారు.

"ఇరవై మార్కులను వదులుకునే స్థితిలో సంస్థ లేదు," అన్నాడు. "మందాకినిగారూ, మీ అధ్యయనం ఏం చెబుతోంది?"

ప్రొఫెసర్ మందాకిని నాణ్యతా విభాగానికి కోఆర్డినేటర్. మండలి ఏమడిగినా అరగంటలో ఫైలు చేసి పెట్టడం ఆమె పని. అందులో ఆమెని మించినవాళ్ళు మూడు జిల్లాల్లో లేరు.

"మూడు ఆటలు పరిశీలించామండి. మంచు మీద రాళ్ళు జరిపే ఆట ఒకటి. గుర్రాల మీద ఆడే పోలో ఒకటి. అమెరికన్ ఫుట్‌బాల్ ఒకటి. మనకి మంచు లేదు. గుర్రాలు లేవు. కుర్రాళ్ళు ఉన్నారు."

"అయితే అమెరికన్ ఫుట్‌బాల్," అన్నాడు ప్రిన్సిపాల్. "బంతిని కాలితో తన్నడమే కదా?"

"కాదండి. చాలామటుకు చేత్తో పట్టుకుని పరిగెత్తడమేనట."

"మరి ఫుట్‌బాల్ అని ఎందుకన్నారు?"

"ఆ విషయమై మండలి వివరణ ఇవ్వలేదండి."

తవిటినాయుడు వెనక కుర్చీలోంచి లేచి, "సార్, మన కబడ్డీ టీము ఈ ఏడు గట్టిగా ఉంది. కప్పు కొట్టే టీము," అన్నాడు.

"దానికి మార్కులు లేవు, పీడీ గారూ," అన్నాడు ప్రిన్సిపాల్ జాలిగా. "మార్కులు లేని కప్పు సంస్థ ఎక్కడ పెట్టుకుంటుంది?"

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు నూట ఇరవై గజాలు. కాలేజీలో అంత నేల ఒకచోట లేదు. కబడ్డీ కోర్టు తవ్వేసి, వాలీబాల్ స్తంభాలు పీకేసి, ఎనభై గజాల దాకా సున్నం గీతలు వేశారు. మిగతా నలభై గజాలు సైకిలు స్టాండులోంచి, క్యాంటీను వెనక పిండి రుబ్బే చోటులోంచి పోయాయి. అక్కడ కూడా గీతలు వేశారు. కబడ్డీ కోర్టులో ఎర్రమట్టి తవ్వుతూంటే తవిటినాయుడు చూడలేక, ఆ పూట సెలవు పెట్టి జీడితోటల వైపు నడుచుకుంటూ పోయాడు. ఆ మట్టి అతను ఎనిమిదేళ్ళ కిందట ట్రాక్టరు మీద కూర్చుని దగ్గరుండి తోలించింది.

టీము వెతకనవసరం లేకపోయింది. కబడ్డీ టీమునే ఆఫీసు ఆర్డరు ద్వారా అమెరికన్ ఫుట్‌బాల్ టీముగా మార్చారు. కెప్టెన్ పొట్నూరు ఢిల్లేశ్వరరావు మూడో సంవత్సరం మెకానికల్. అందరూ ఢిల్లీ అంటారు. హెల్మెట్లు బజారులో దొరక్క మోటారుసైకిలు హెల్మెట్లు తెప్పించి, ముందు భాగానికి వెల్డింగు షాపులో ఇనప జాలీలు పెట్టించారు. వెల్డరుకి కిటికీల పని అలవాటు. అంచేత ప్రతి ముఖం ముందూ ఒక చిన్న తామరపువ్వు వచ్చింది. భుజాల మీద తొడుక్కునే కవచాలు పరుపుల దుకాణంవాడు కొబ్బరిపీచుతో కుట్టిచ్చాడు.

మొదటి రోజు ఢిల్లీ బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు కొసలూ సూదిగా, పనసపిందెలా ఉంది.

"సార్, ఇది పట్టుకుని పరిగెడతన్నప్పుడు కూత పెట్టాలా?"

"అక్కర్లేదు."

"కూత నేకపోతే ఎలగ సార్? ఊపిరి ఎంత ఉన్నాదో ఎలగ తెలుస్తాది?"

తవిటినాయుడు మందాకిని మేడమ్ ఇచ్చిన రూల్ పుస్తకం రోజూ పొద్దున్న డిక్షనరీ పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. మొదట్లో కోపంతో చదివాడు. పదో పేజీ దాటేసరికి కోపం కాస్త సడలింది. బంతి చేతిలో ఉన్నవాడికి పది గజాలు ముందుకి పోవడానికి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు పోతే, మళ్ళీ నాలుగిస్తారు. ఎన్నిసార్లు పడేసినా లెక్కలోకి రాదు. ఇంత దయ ఉన్న రూలు తవిటినాయుడు కాలేజీ సర్వీసు రూల్సులో ఎక్కడా చూడలేదు. పైగా పట్టు పట్టేచోట అంతా కబడ్డీయే. నడుం పట్టొచ్చు, తొడ పట్టొచ్చు, చీలమండ పట్టొచ్చు. నెల తిరిగేసరికి పిల్లలు సాయంత్రం బెల్లు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఢిల్లీ మాత్రం బంతి చంకలో పెట్టుకుంటే చాలు, 'కబడ్డీ కబడ్డీ' అనుకుంటూనే పరిగెత్తేవాడు.

ఆగస్టులో సీజను ప్రకటించారు. ఎనిమిది మ్యాచ్‌లు. మందాకిని మేడమ్ ఎనిమిది కాలేజీలకి రిజిస్టర్డ్ పోస్టులో ఆహ్వానాలు పంపింది. ఏ కాలేజీకీ అలాంటి టీము లేదు. అందువల్ల ఎవరూ జవాబివ్వలేదు.

మొదటి మ్యాచ్ రోజు పదకొండుమందీ తామరపువ్వుల వెనక చెమటలు కక్కుతూ వరసగా నిలబడ్డారు. అవతలి సగం ఖాళీ. క్యాంటీను దగ్గర గీతల మీద ఒక ఆవు పడుకుని ఉంది. ప్రిన్సిపాల్ రూపాయి బిళ్ళ ఎగరేశాడు. బొమ్మ పడింది.

"టాస్ సంస్థ గెలిచింది," అన్నాడు.

పావుగంట ఆగారు. ఫోటోగ్రాఫరు ఆవు రాకుండా ఫోటో తీశాడు. ప్రత్యర్థి హాజరు కానందున నాగులవలస గెలిచినట్టు మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టాలా వద్దా అని తవిటినాయుడి ముఖం చూశారు. అతను ఆవుని తోలడానికి వెళ్ళాడు.

సాయంత్రం ఆఫీసులో చర్చ వచ్చింది. గెలిచాం సరే, స్కోరు ఎంత రాయాలి? సున్నా-సున్నా అని రాస్తే గెలుపులా కనబడదు. మందాకిని మేడమ్ రూల్ పుస్తకం చివరి పేజీల్లో వెతికి పట్టుకుంది. ఎదటి జట్టు రాకపోతే ఒకటి-సున్నా. రిజిస్టరులో అలాగే ఎక్కించారు. నవంబరు ఆఖరుకి ఎనిమిది మ్యాచ్‌లూ అయ్యాయి. సాధించిన పాయింట్లు ఎనిమిది, ఇచ్చినవి సున్నా. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ కట్టారు: 'అజేయ నాగులవలస'.

మధ్యలో ఒక చిక్కు వచ్చింది. ప్రాక్టీసు చూడ్డానికి వచ్చిన ప్రిన్సిపాల్, పిల్లలు రెండు పక్షాలుగా విడిపోయి ఆడుతూండటం గమనించాడు.

"ఇప్పుడు ఎవరు గెలిచారు?" అని అడిగాడు.

"ఎర్ర బనీన్లవాళ్ళండి," అన్నాడు తవిటినాయుడు.

"అంటే మన జట్టులో సగంమంది ఓడిపోయారు."

"ప్రాక్టీసులో అంతేనండి. ఒకళ్ళు గెలిస్తే ఇంకొకళ్ళు ఓడతారు."

ప్రిన్సిపాల్ ముఖం గంభీరమైంది. మర్నాడే ఆర్డరు వచ్చింది. "సంస్థ జట్టు సభ్యులు రోజువారీ సాధనలో ఓటమి పాలగుచున్నట్లు దృష్టికి వచ్చినది. ఇది అజేయ స్థితికి విరుద్ధము. ఇకమీదట సాధనయందు ఉభయ పక్షములును గెలువవలెను. అట్లు వీలుపడనిచో సాధన నిలిపివేయవలెను."

వీలుపడలేదు. బంతిని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు.

డిసెంబరులో మండలి తనిఖీ బృందం వచ్చింది. బృందం అధ్యక్షుడు బక్కపల్చటి మనిషి. ఎంత చిన్న విషయమైనా తల ఊపుతూ వింటాడు. ఫైలు తిరగేసి తవిటినాయుడి వైపు చూశాడు.

"ఎనిమిది మ్యాచ్‌లలో ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా లేదు. గమనార్హం. మీ రక్షణ వ్యూహం ఏమిటి?"

"ప్రత్యర్థి రాలేదండి," అన్నాడు తవిటినాయుడు.

"రానివ్వలేదన్నమాట," అని అధ్యక్షుడు రాసుకున్నాడు.

"కాదండి, అసలు వాళ్ళకి టీమే లేదండి."

"ప్రత్యర్థిని పూర్తిగా లేకుండా చేయడం," అని అది కూడా రాసుకున్నాడు.

ఇరవైకి ఇరవై మార్కులూ వచ్చాయి. గ్రేడు ఒక మెట్టు పెరిగింది. ప్రిన్సిపాల్‌కి శాలువా కప్పారు, పిల్లలకి తలొక బంగారు రంగు పతకం ఇచ్చారు. ఢిల్లీ తన పతకం జేబులో పెట్టుకోవాలో మెళ్ళో వేసుకోవాలో తెలియక చేత్తో పట్టుకుని తిరిగాడు.

జనవరికల్లా ఈ కబురు మిగతా కాలేజీలకి పాకింది. చూస్తూండగానే పదకొండు కాలేజీల్లో అమెరికన్ ఫుట్‌బాల్ టీములు వెలిశాయి. ఇది నాగులవలస ప్రిన్సిపాల్‌కి పెద్ద దెబ్బ. ప్రత్యర్థులు ఉంటే మ్యాచ్‌లు ఆడాలి. ఆడితే ఎవరో ఒకరు ఓడిపోతారు. ఆ భయం పన్నెండుమంది ప్రిన్సిపాళ్ళకీ సమానంగా ఉంది. అందరూ ఒక హోటల్లో సమావేశమై ఒప్పందానికి వచ్చారు. షెడ్యూలు ప్రకారం ఏ రోజు ఎవరితో మ్యాచ్ ఉన్నా, ఎవరి మైదానంలో వాళ్ళు ఎదురుచూస్తారు. అవతలివాళ్ళు రారు కనక ఇద్దరూ గెలుస్తారు. ఒప్పందానికి 'పరస్పర విజయ సహకారం' అని పేరు పెట్టారు.

ఆ సమావేశానికి పీడీలని కూడా పిలిచారు గానీ లోపలికి రానివ్వలేదు. బయట వరండాలో టీ తాగుతూ తవిటినాయుడు మేరీ సుశీలని కలిశాడు. ఆవిడ రేవుపాలెం కాలేజీ పీడీ. ఒకప్పుడు రాష్ట్రానికి షాట్‌పుట్ వేసిన మనిషి. మణికట్టు ఇప్పటికీ అతని మణికట్టుకి రెండింతలుంటుంది.

"పుస్తకం చదివారా, నాయుడుగారూ?" అని అడిగింది.

"మూడుసార్లు చదివానమ్మా."

"నేనూ చదివాను. మంచి ఆటండీ. మా పిల్లలు పెద్ద పడవ తాళ్ళు లాగిన చేతులవాళ్ళు. బంతి ఇస్తే ఎంత దూరం విసురుతారో." టీ కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించి, "మీవాళ్ళు నిజంగా ఆడగలరా?" అంది.

"ఆడగలరు. ఆడనివ్వట్లేదు."

"మా దగ్గరా అంతే."

అంతటితో ఆ మాట ఆగిపోయింది. ఎందుకు ఆగిందంటే, తవిటినాయుడికి రిటైరుమెంటు ఇంకా ఆరేళ్ళుంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క మెమో కూడా అందుకోనివాడు. అతని ధైర్యమంతా కబడ్డీ గీతల లోపలే. ఆ గీతలు ఇప్పుడు లేవు.

ఫిబ్రవరిలో ఢిల్లీ స్పోర్ట్సు కోటా ఉద్యోగాల సెలక్షన్‌కి వెళ్ళి రెండో రోజుకే తిరిగొచ్చేశాడు. వచ్చి గ్రౌండు గట్టు మీద కూర్చున్నాడు. తవిటినాయుడు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"ఏటయింది?"

"ఎన్ని మ్యాచ్‌లు గెలిసినావని అడిగినారు సార్. ఎనిమిదని సెప్పినాను. పతకం సూపించినాను. ఎన్ని ఆడినావని అడిగినారు." ఢిల్లీ పతకం తీసి గట్టు మీద పెట్టాడు. "నా ఎనకాల ఒకడు నిలబడ్డాడు సార్. పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పద్నాలుగూ ఓడిపోనాడు. ఆడిని లోపలికి పిలిసినారు. కాళ్ళనిండా దెబ్బలు సార్ ఆడికి. నాకు ఒక్క దెబ్బ నేదు."

తవిటినాయుడు వాడి ముఖంలోకి చూశాడు. కిందటేడు ఫైనల్లో ఈ కుర్రాడి పెదవి చిట్లి నెత్తురొస్తూంటే తనే గుడ్డతో ఒత్తిపట్టాడు. అప్పుడు వీడు నవ్వుతున్నాడు. ఇప్పుడు ఒళ్ళంతా బాగానే ఉంది, తలెత్తి చూడట్లేదు. తవిటినాయుడు తన మోకాలు పట్టుకుని లేచి మేరీ సుశీలకి ఫోను చేశాడు.

"అమ్మా, వచ్చే ఆదివారం మాకూ మీకూ మ్యాచ్ ఉంది కదా. మీ గ్రౌండులో మీరు, మా గ్రౌండులో మేము నిలబడాలి."

"అవునండి."

"నేను బస్సు మీ ఊరు తీసుకొచ్చేస్తే ఏమవుద్ది?"

"మా గ్రౌండొద్దండి, అక్కడ మా ప్రిన్సిపాల్ ఉంటారు. సముద్రం ఒడ్డుకి తెచ్చెయ్యండి. ఇసక, పడినా నొప్పెట్టదు," అంది. అన్న తర్వాత, "మా గ్రౌండుకి ఫోటోగ్రాఫరు తొమ్మిదికొస్తాడు. ఈలోగా అయిపోవాలి," అని చేర్చింది.

ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి రేవుపాలెం ఒడ్డున ఇరవై రెండుమంది నిలబడ్డారు. నాగులవలసవాళ్ళకి ముఖాల ముందు తామరపువ్వులు. రేవుపాలెంవాళ్ళకి వాళ్ళ ఊరి వెల్డరు నెమళ్ళు చేసిపెట్టాడు. గీతలు కర్రతో ఇసకలో గీశారు. వలలు బాగుచేసుకుంటున్న నలుగురైదుగురు పని ఆపి చూడ్డానికొచ్చారు. బంతి మేరీ సుశీల తెచ్చింది. ఈలలు ఇద్దరు పీడీలూ చెరొకటి పట్టుకున్నారు.

మొదటి పది నిమిషాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత బంతి ఢిల్లీ చేతికి చిక్కింది. వాడు దాన్ని చంకలో ఇరికించుకుని 'కబడ్డీ కబడ్డీ' అంటూ బయల్దేరాడు. రేవుపాలెం కుర్రాళ్ళు కూత వినగానే అలవాటు కొద్దీ చేతులు కలిపి గొలుసు కట్టారు. ఢిల్లీ ఆ గొలుసు కింద నుంచి దూరి, ముప్ఫై గజాలు పరిగెత్తి గీత దాటి పడ్డాడు. ఆరు పాయింట్లు. తవిటినాయుడు ఈల ఊదడం మర్చిపోయాడు.

అటు నుంచి రేవుపాలెంవాడొకడు వల విసిరినట్టు భుజం తిప్పి బంతి విసిరాడు. అది అందరి నెత్తుల మీద నుంచీ పోయి వాళ్ళ మనిషి గుండెల మీద వాలింది. ఆరుకి ఆరు. తర్వాత మళ్ళీ ఇటు ఆరు, మళ్ళీ అటు ఆరు. పన్నెండు-పన్నెండు మీద రేవుపాలెంవాళ్ళకి, గీత దాటినందుకు అదనంగా ఒక తన్ను తన్నే హక్కు వచ్చింది. మొదటిసారి వాళ్ళది గురి తప్పింది, నాగులవలసవాళ్ళవి రెండూ తప్పాయి. ఈసారి తన్నినవాడు చెప్పులు కూడా లేని కాలితో తన్నాడు. బంతి ఇసకలో పాతిన రెండు వెదుళ్ళ మధ్య నుంచి సరిగ్గా పోయింది. పదమూడు-పన్నెండు.

చివరి అవకాశం మీద ఢిల్లీ మళ్ళీ బయల్దేరాడు. గీతకి రెండు గజాల ఇవతల ముగ్గురు కలిసి పడేశారు. లేచేసరికి కుడి మణికట్టు వాచిపోయి ఉంది. వాడు దాన్ని ఎడం చేత్తో పట్టుకుని తవిటినాయుడి దగ్గరికి వచ్చాడు.

"ఓడిపోనాం సార్," అన్నాడు. పళ్ళన్నీ బయటికి కనబడుతున్నాయి.

నాగులవలస ఓడిపోయిందన్న సంగతి వాళ్ళ బస్సు కన్నా ముందు ఊరు చేరింది. వలలవాళ్ళలో ఎవరో వీడియో తీశారు. సోమవారం పొద్దున్న ప్రిన్సిపాల్ గది ముందు టీము మొత్తం నిలబడి ఉంది.

"జరిగినదానిపై సంస్థ సమగ్రంగా విచారించింది," అన్నాడు సర్వోత్తమరావు. "విచారణలో తేలినదేమంటే, ఆ మ్యాచ్ జరగలేదు."

"జరిగిందండి," అన్నాడు తవిటినాయుడు.

"ఆదివారం ఉదయం మన జట్టు మన మైదానంలో ఉన్నట్టు రిజిస్టరులో ఉంది. ఒకే సమయంలో రెండు చోట్ల ఉండటం భౌతికశాస్త్రం ఒప్పుకోదు. కావాలంటే ఫిజిక్స్ డిపార్టుమెంటు నుంచి సర్టిఫికెట్ తెప్పిస్తాం."

మందాకిని మేడమ్ తలొక కాగితం పంచింది. 'నేను సదరు తేదీన రేవుపాలెం సముద్రతీరమున ఏ క్రీడయందును పాల్గొనలేదు' అని అచ్చేసి ఉంది. పదిమంది సంతకాలు పెట్టారు. ఢిల్లీ చెయ్యి కట్టులో ఉంది. సంతకం చేయలేడు. ఇంకుప్యాడు తెప్పించి, ఆటలో పాల్గొనలేదని ఎడమచేతి వేలిముద్ర వేయించారు.

తవిటినాయుడు కాగితం తీసుకుని గదికి పోయాడు. అతను ఇవ్వవలసింది ఇంకొకటి కూడా ఉంది. మండలికి పీడీ స్వయంగా సంతకం చేసి పంపే సీజను నివేదిక. దాన్ని ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. ఈ వయసులో సస్పెండు చేస్తే ఏం చేయాలో లెక్క వేసుకున్నాడు. ఏ స్కూల్లోనో పిల్లలకి డ్రిల్లు చెప్పుకోవచ్చు. అది కూడా ఇవ్వకపోతే తమ్ముడి జీడితోట ఉంది. కాగితంలో గడులు నింపాడు. 'ఆడిన మ్యాచ్‌లు: ఒకటి. గెలిచినవి: లేవు. ఓడినవి: ఒకటి, 12-13. ప్రత్యేక విశేషాలు: పిల్లలు బాగా ఆడారు.' సంతకం పెట్టి, ఆఫీసు ద్వారా కాకుండా తనే పోస్టాఫీసుకి వెళ్ళి వేశాడు.

రెండు నెలల పైన ఏమీ జరగలేదు. ప్రిన్సిపాల్ అతనితో మాట్లాడటం మానేశాడు. టీ కూడా స్టాఫ్ రూములో అతని బల్ల మీదికి రావడం ఆగింది. మే నెలలో మండలి నుంచి కవరు వచ్చింది. ప్రిన్సిపాల్ తవిటినాయుణ్ణి పిలిపించి, నిలబెట్టే చదివాడు. చదువుతూ చదువుతూ మధ్యలో "కూర్చోండి" అన్నాడు.

మండలి లెక్కలు తీసింది. పన్నెండు కాలేజీల ఆఫీసులు పంపిన ఫైళ్ళలో పన్నెండు అజేయ జట్లు ఉన్నాయని, రేవుపాలెంతో సహా ఎవరికీ ఓటమి లేదని గమనించింది. అజేయత్వం సర్వసాధారణం అయిపోయినందున దానికి మార్కులు రద్దు చేసింది. అయితే ఒక్క నాగులవలస పీడీ పంపిన నివేదికలో మాత్రం, దేశంలో నమోదైన ఏకైక ఓటమి ఉన్నది. "ఇట్టి అరుదైన విజయమును మండలి హర్షించుచున్నది. వచ్చే విద్యా సంవత్సరము నుండి 'పరాజయ నిర్వహణా సామర్థ్యము' అను అంశమునకు ఇరవై ఐదు మార్కులు కేటాయించబడినవి. ప్రతి కళాశాలయు సంవత్సరమునకు కనీసము ఒక మ్యాచ్ ఓడవలెను. ఓటమికి వీడియో సాక్ష్యము తప్పనిసరి. ఆడకనే పొందిన వాకోవరు ఓటములు పరిగణింపబడవు."

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈ రంగంలో సంస్థ మొదట్నుంచీ ముందుంది," అన్నాడు. "పీడీ గారూ, వచ్చే ఏడు కూడా ఒక ఓటమి కావాలి. ఫైలు ఎన్నాళ్ళకి సిద్ధమవుతుంది?"

"ఫైలుతో అవదండి. ఓడిపోవాలంటే ముందు ఆడాలి."

ప్రిన్సిపాల్ కాగితం మళ్ళీ తిరగేశాడు. "తప్పదా?"

"తప్పదండి. వీడియో అడిగారు కదా."

"ప్రాక్టీసు కూడా చేయాలా?"

"ప్రాక్టీసు లేకుండా ఓడిపోతే అందరికీ తెలిసిపోద్దండి. నమ్మేలా ఓడాలంటే రోజూ రెండు గంటలు ఆడాలి."

బీరువా తాళం ఆ పూటే తీశారు. బంతి గాలి పోయి నీరసంగా ఉంది. తవిటినాయుడు దాన్ని సైకిలు షాపుకి తనే తీసుకెళ్ళాడు.

జులైలో మొదటి మ్యాచ్ మళ్ళీ రేవుపాలెంతోనే పడింది. ఈసారి వాళ్ళ కాలేజీ మైదానంలో, ఇద్దరు ప్రిన్సిపాళ్ళూ కుర్చీలు వేసుకుని కూర్చుండగా. ఓడిపొమ్మని రెండు జట్లకీ రాతపూర్వకంగా ఆదేశాలున్నాయి. కిందటేడు గెలిచినందుకు మేరీ సుశీలకి అప్పటికే ఒక మెమో వచ్చి ఉంది. ఆవిడ తన పిల్లలకి ఆదేశం చదివి వినిపించింది. తవిటినాయుడూ చదివి వినిపించాడు.

"అలగే సార్," అన్నాడు ఢిల్లీ వినయంగా. మణికట్టు నయమైంది.

అరగంటలో వాడు మూడుసార్లు గీత దాటాడు. రేవుపాలెంవాళ్ళు కూడా ఆదేశం సంగతి మొదటి పట్టులోనే మర్చిపోయారు. రెండు వైపులా పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి దొర్లుతున్నారు. మట్టి కొట్టుకుపోయి ఎవరిది నెమలో ఎవరిది తామరపువ్వో తెలియడం లేదు. ఇద్దరు ప్రిన్సిపాళ్ళూ మాత్రం ఎదటి జట్టు ముందుకొచ్చినప్పుడల్లా ఆశగా లేచి నిలబడుతున్నారు. నాగులవలస ఇరవై ఆరు-ఇరవైతో గెలిచింది. రేవుపాలెం ప్రిన్సిపాల్ మేరీ సుశీలతో చెయ్యి కలిపాడు. సర్వోత్తమరావు కారెక్కి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న తవిటినాయుడికి సర్వీసులో మొదటి మెమో వచ్చింది. "స్పష్టమైన ఆదేశములు ఉన్నప్పటికీ గెలుచుటకు గల కారణములను మూడు దినములలో లిఖితపూర్వకముగా తెలుపవలెను."

అతనికి మూడు రోజులు అక్కర్లేకపోయింది. బయట గ్రౌండులో పిల్లలు అప్పుడే గీతలకి సున్నం వేస్తున్నారు. కిటికీ పక్కన కూర్చుని తెల్లకాగితం మీద ఇలా రాశాడు.

"అయ్యా, జరిగిన గెలుపునకు చింతిస్తున్నాను. పిల్లలకి ఓడిపోవడంలో ఇంకా తగిన అనుభవం లేదు. అనుభవం ఆడితే తప్ప రాదు. కావున ఓటమి వచ్చేవరకు ప్రతి ఆదివారం ఆడుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన."

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి, కింద ఆకుపచ్చ ఇంకుతో రాశాడు: "అనుమతించడమైనది. ఓటమి వచ్చేవరకు ఆట ఆపరాదు."